నాలుగు వందల మీటర్ల దగ్గర ఆగిన ఓడ

2023 తొలి నెలల్లో ఒక వేకువ. ఓడ సూయజ్ రేవు దాటి కాలువలోకి దూరుతోంది. మీరు బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, అద్దాల దగ్గర నిలబడ్డారు. కింద కంటైనర్లు, అడ్డంగా 24 వరసలు. ముందుకొస వంద మీటర్లకు పైగా దూరంలో ఉంది. పొగగొట్టం కావాలంటే వెనక్కి తిరిగి ఇంకా దూరం చూడాలి.

"పోర్ట్ ఫైవ్", అంటే చుక్కాని ఎడమకు అయిదు డిగ్రీలు, అంటాడు కాలువలో దారి చూపే ఈజిప్టు పైలట్. చుక్కాని పట్టిన కుర్రాడు అదే మాట తిరిగి చెప్పి, తిప్పాక మళ్లీ చెబుతాడు. వేగం గంటకు 16 కిలోమీటర్లకు అటూఇటూ. కుడివైపు సినాయి ఇసుక, అక్కడ గట్టును తవ్వుతున్న డ్రెడ్జర్లు. లోతున్న నీటి వెడల్పు సుమారు 200 మీటర్లు, ఓడ పొడవు 400. అడ్డం తిరిగితే ఏమవుతుందో లెక్క వేయనక్కర్లేదు.

గాలి లేస్తోంది. గోడలా పేర్చిన పెట్టెలకు అది తెరచాపకు తగిలినట్టే తగులుతుంది. ఓడ ఒక గట్టుకు దగ్గరైతే మధ్యలో ఇరుక్కున్న నీరు జోరందుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది. వెనకభాగం ఆ గట్టుకేసి జరిగి, ముందుకొస అవతలి గట్టుకు మళ్లుతుంది. పైలట్ కళ్లు అద్దం మీంచి కదలవు.

151వ కిలోమీటరు. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ ఏటవాలుగా ఇరుక్కున్నది ఇక్కడే. సిబ్బంది 25 మందీ భారతీయులే. ఆరు రోజులకు ఓడ కదిలింది. పరిహారం తేలేదాకా, జూలై వరకు, ముందున్న గ్రేట్ బిట్టర్ సరస్సులో ఆపేశారు.

ఇదంతా చూసి ఓడల పెరుగుదలకు కాలువే హద్దు అనుకుంటారు. నిజానికి సూయజ్ ఇంత పెద్ద ఓడను రానిస్తూనే ఉంది. పనామా సంగతి వేరు: 2016లో తెరిచిన కొత్త లాకుల్లోనూ మన ఓడ 61 మీటర్ల వెడల్పు పట్టదు. అసలు అడ్డు రేవుల్లోనే. ఇంకా వెడల్పైతే క్రేన్ చెయ్యి చివరి వరసకు అందదు. పొడవైతే బెర్తు, అంటే ఓడను కట్టే చోటు, చాలదు, మలుపు తిరగడానికి చోటు ఉండదు. ఇంకా లోతుకు మునిగితే హాంబర్గ్ లాంటి నదీరేవుల్లో పోటు కోసం కాచుకోవాలి, ఇప్పటికే కాచుకుంటున్నారు.

ఓడలు పెరిగిన తీరే చూడండి. 1956లో ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెట్టెలతో న్యూజెర్సీ నుంచి హ్యూస్టన్ వెళ్లింది. 2006 నాటి ఎమ్మా మెర్స్క్ పొడవు 397 మీటర్లు. 2023లో వచ్చిన ఎమ్మెస్సీ ఇరీనా, ఇరవై అడుగుల పెట్టెల లెక్కన 24,346 మోస్తుంది, దాని పొడవు 399.9. పదిహేడేళ్లలో పొడవు మూడు మీటర్లు కూడా పెరగలేదు. పెరిగిందల్లా వెడల్పూ ఎత్తూ.

అంతకన్నా పెద్దది కట్టడం షిప్‌యార్డుకు అసాధ్యమేమీ కాదు. కానీ ఒక్క ఓడ దింపే సరుకుకు లారీలు, రైళ్లు, గోదాములు చాలక రేవు స్తంభిస్తే, సముద్రం మీద మిగిల్చిన డబ్బు ఒడ్డున ఖర్చయిపోతుంది. నా మట్టుకు, ఇంకా పెద్ద ఓడ నష్టపు బేరమే.