కురచ తుపాకి – కొన్నవాని తీర్పు

1971లో విడుదలయిన 'మోసగాళ్లకు మోసగాడు' నాటినుండి అమెరికా పశ్చిమసీమ రౌతు మన తెలుగువారికి పరాయివాడు కాడు. వెడల్పు అంచుల టోపీ, నడుమున పిస్తోలు, జీను ప్రక్కన తోలుతొడుగులో ఒక కురచ తుపాకి – హాలీవుడ్ చిత్రములు ప్రపంచమునకు నేర్పిన వాని వేషమిది. తెరమీద ఆ తుపాకి మొరాయించుట అరుదు. నాయకుడు లీవరును దించును, ఎత్తును, కాల్చును. మఱల దించును, ఎత్తును, కాల్చును. చరిత్రలో మాత్రము దానికి ఆ నమ్మకము అంత తేలికగా లభింపలేదు. ప్రభుత్వముల పరీక్షాసంఘములు చాలకాలము దానిని శంకించినవి. సొంత జీతము వెచ్చించి కొని, ప్రాణమును దాని కప్పగించినవారే దాని గుణదోషములను తేల్చిరి.

ముందుగా దాని నిర్మాణమును కొంచెము తెలిసికొందము. ట్రిగ్గరును చుట్టియున్న లోహపు కమ్మియే ఇందలి లీవరు. చేతిపంపు పిడిని నొక్కినట్లు దానిని క్రిందికి నెట్టినచో కాల్చిన తూటా డొల్ల బయటికి వచ్చును. తిరిగి పైకి లాగినచో క్రొత్త తూటా దాని స్థానమును చేరును. అంతకుముందు సిపాయి ప్రతి గుండునకును గొట్టపు మూతినుండి మందుపోసి, గుండువేసి, కడ్డీతో దట్టింపవలసియుండెను. చేయి తిరిగినవానికి గూడ నిమిషమునకు మూడు గుండ్లు కాల్చుటయే గొప్ప. పరుగిడు గుఱ్ఱముమీద అదియును దుర్లభము. పొడవైన తుపాకి జీనుమీద అడ్డుతగులును గనుక, రౌతులకొఱకు గొట్టము తగ్గించి కురచ తుపాకిని చేసిరి. దానినే కార్బైన్ అందురు.

1860లో క్రిస్టఫర్ స్పెన్సర్ అను అమెరికా యంత్రనిపుణుడు లీవరు తుపాకి కొకదానికి పేటెంటు పొందెను. దాని మడమలోని గొట్టములో ఏడు తూటాలు పట్టును. మరుసటి సంవత్సరమే ఆ దేశమున అంతర్యుద్ధము మొదలయ్యెను. కాని సైన్యపు ఆయుధశాఖాధిపతి జనరల్ రిప్లే ఇట్టి తుపాకుల యెడ విముఖుడు. వేగముగా కాల్చగల సిపాయి గుఱి చూడక తూటాలను వృథా చేయునని, అన్ని తూటాలను యుద్ధభూమికి చేరవేయుట కష్టమని ఆయన వాదము. అది మూర్ఖపు వాదము కాదు. లక్షలమందికి సరఫరా చేయవలసినవాని జాగ్రత్త అది. 1863 ఆగస్టులో అధ్యక్షుడు లింకన్ స్వయముగా స్పెన్సర్ తుపాకిని కాల్చి చూచి మెచ్చుకొనెను.

అంతకు రెండు నెలల ముందే టెనసీ రాష్ట్రములో వేఱొక పరీక్ష జరిగిపోయెను. జాన్ వైల్డర్ అను కర్నలు తన దళమునకు స్పెన్సర్ తుపాకులు కావలెనని నిశ్చయించి, తన పూచీమీద స్వస్థలపు బ్యాంకులనుండి అప్పు తెచ్చుటకు సిద్ధపడెను. ఒక్కొక్క తుపాకి వెల 35 డాలర్లు. సామాన్య సిపాయి నెలజీతము 13 డాలర్లు. అయినను సిపాయిలు తమ జీతమునుండి ఆ వెలను కోయించుకొనుట కొప్పుకొనిరి. తరువాత ప్రభుత్వమే ఆ వ్యయమును భరించెనుగాని, ఒప్పుకొన్ననాడు వారి కది తెలియదు. 1863 జూన్ 24న హూవర్స్ గ్యాప్ అను కనుమను ఈ దళము పట్టుకొని, ఎదురుదాడులను త్రిప్పికొట్టి నిలువరించెను. అవి పొడవు తుపాకులు. అదే యంత్రమునకు పొట్టిగొట్టము అమర్చిన స్పెన్సర్ కార్బైన్లు ఆ యేడాది చివరినుండి ఉత్తరాది ఆశ్విక దళములకు విరివిగా చేరెను.

ఇదే కాలమున టైలర్ హెన్రీ రూపొందించిన మఱియొక తుపాకి వచ్చెను. గొట్టము క్రింద మఱియొక గొట్టమమర్చి పదునాఱు తూటాలు నింపుట దీని ప్రత్యేకత. ప్రభుత్వము కొన్నవి రెండువేలకు లోపే. సిపాయిలు మూడు నెలల జీతమునకు మించిన ధనమిచ్చి సొంతముగా కొన్నవి ఎక్కువ. ఇల్లినాయ్ 7వ పటాలమువారు ఇట్లు కొన్న తుపాకులతోనే 1864 అక్టోబరు 5న అలటూనా కనుమలో నిలిచి పోరాడిరి.

కాని కొన్నవారే దాని లోపములను గూడ కనుగొనిరి. తూటాల గొట్టమునకు అడుగున పొడవునా చీలిక యుండెను. దానిగుండ మట్టి, ఇసుక లోపల చేరును. తూటాలను నెట్టు చిన్న పిడి ఆ చీలికలో వెనుకకు జరుగుచు వచ్చి, ఎడమచేతికి తగిలి ఆగిపోవును. అప్పుడు తూటా రాదు. కావున పోరు నడుమ చేతిని జరిపి పట్టుకొనవలెను. గొట్టము క్రింద కొయ్య లేనందున, వరుసగా కాల్చినచో చేయి కాలును. కాగితముమీది యంత్రచిత్రములో ఈ లోపములలో ఒక్కటియు కనబడదు.

యుద్ధానంతరము ఆలివర్ విన్చెస్టర్ సంస్థ 1866లో వెలువరించిన తుపాకి ఈ ఫిర్యాదులకు వరుసగా ఇచ్చిన సమాధానమువలె నుండును. నెల్సన్ కింగ్ అను నిపుణుని ఉపాయముతో తూటాలు నింపుటకు ప్రక్కన చిన్న తలుపమర్చిరి. చీలిక పోయెను, గొట్టము పూర్తిగా మూయబడెను, చేతిక్రింద కొయ్య వచ్చెను. పసుపువన్నె కంచు దేహముగల ఈ తుపాకులలో అధికభాగము ఇరువది అంగుళముల గొట్టముతో చేసిన కార్బైన్లే.

ఇంకొక చిక్కు మిగిలెను. ఆనాటి తూటాలలో నిప్పురవ్వ పుట్టించు రసాయనము అడుగు అంచు చుట్టును ఉండెడిది. అది సమముగా పరచుకొననిచో తూటా పేలదు. అందుచేతనే ఆ తుపాకిలో సుత్తి దెబ్బ అంచున రెండుచోట్ల తగులునట్లు చేసిరి. 1873 నమూనాలో రసాయనమును తూటా అడుగున నడిమధ్య నుంచిరి. దేహమును ఇనుముతో చేసిరి. దుమ్ము పడకుండ పైన జారుమూత పెట్టిరి. కాల్చిన డొల్లలను ఇంటివద్దనే మఱల నింపుకొనవచ్చును. కొలది యేండ్లకు అదే తూటాతో పనిచేయు పిస్తోళ్లు గూడ రాగా, దూరప్రాంతపు రౌతునకు ఒకే తూటాలసంచి రెండింటికిని చాలెను. దూరపు గుఱికి ఆ తూటా బలము చాలదు. దగ్గఱి పోరునకు సరిపోవును.

ఈ తుపాకులను కొన్నవారు తెల్లవారు మాత్రమే కారు. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నదియొడ్డున లకోటా, షయ్యెన్, అరపాహో యోధులు కస్టర్ సేనను ఎదుర్కొనిరి. ఆ సేనచేత నున్నది ఒక్కొక్క తూటా నింపి కాల్చు స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్. సైనికాధికారులు పరీక్షించి ఎన్నుకొన్నది. 1984లో పురాతత్త్వవేత్తలు ఆ నేలను శోధింపగా, హెన్రీ, విన్చెస్టర్ తుపాకుల తూటా డొల్లలు యోధులున్న తావులలో బయటపడినవి. సిపాయిల రాగి డొల్లలు వేడికి ఉబ్బి ఇఱుకుకొనుటచేతనే ఓటమి కలిగెనని చిరకాలము చెప్పుకొనిరి. కత్తితో పెకలించిన గుర్తులున్న డొల్లలు కొలదిగానే దొరికినవి. కావున ఆ లోపము నిజమేగాని, ఓటమికి అదియే కారణము కాదు. యోధుల సంఖ్య, వారి చాకచక్యము, కస్టర్ తన సేనను విభజించుట – ఇవి పెద్ద కారణములు.

కర్మాగారము వేలమైళ్ల దూరమున నున్నపుడు తుపాకి విరిగిన నేమి చేయవలెను? మడమ విరిగిన తావున పచ్చితోలును తడిపి బిగించి చుట్టి కుట్టుట ఆ మూలవాసుల పద్ధతి. తోలు ఆరి ముడుచుకొని కొయ్యను ఇనుపపట్టీవలె పట్టుకొనును. అట్టి కట్లు కట్టిన తుపాకులు, ఇత్తడి మేకులతో అలంకరించినవి, నేటికిని అమెరికా వస్తుప్రదర్శనశాలలలో కలవు.

1890 డిసెంబరు 29న వూండెడ్ నీ వాగువద్ద సైన్యము ఒక లకోటా బృందమును చుట్టుముట్టి తుపాకులను అప్పగింపుమనెను. చూచినవారు పిదప చెప్పిన కథనములలో ఒకదాని ప్రకారము, ఒక యువకుడు తాను చాల వెలయిచ్చి కొన్న తుపాకిని ఊరక విడువనని దానిని ఎత్తిపట్టుకొనెను. పెనుగులాటలో ఒక గుండు పేలెను. వెంటనే సైన్యము విరుచుకుపడెను. నూటయేబదిమందికి తక్కువ కాకుండ లకోటాలు మడిసిరి. వారిలో స్త్రీలు, పసిపిల్లలు అనేకులు. మొరాయింపని తుపాకి మనిషిని కాపాడునన్న నమ్మకమునకు హద్దెక్కడనో ఆ మంచునేల చెప్పుచున్నది.

ఇంతలో తుపాకి నిర్మాణము గూడ మారుచుండెను. పాత విన్చెస్టర్లలో మోకాలివలె మడుగు కీలు బలమైన తూటాకు తాళదు. యూటా ప్రాంతపు జాన్ బ్రౌనింగ్ దానికి బదులు నిలువుగా లేచి బిగియు ఉక్కు దిమ్మెలను కల్పించెను. ఆయన 1892 నమూనా, పిదప పొగలేని మందు తూటాలకు తగిన 1894 నమూనా ఎంతయో వ్యాప్తి చెందెను. నల్లమందు విడుచు మసి తగ్గుటతో తుపాకి పట్టివేయుట గూడ తగ్గెను. 1894 నమూనా కార్బైన్ ఇంచుమించు మూడు కిలోల బరువు. జింకవేటకు వెళ్లు అమెరికా రైతుకు అది ఇంటివస్తువయ్యెను. వారు నేర్చుకొన్న నియమములు రెండు. తూటాలు ఒకదాని వెనుక నొకటి వరుసగా నుండును గనుక మొన చదునైనవే వాడవలెను. వాడిమొన ముందు తూటా అడుగును పొడిచినచో గొట్టములోనే పేలవచ్చును. రెండవది – లీవరును సంకోచింపక చివరివఱకు నెట్టవలెను. సగములో ఆపినచో తూటా ఇఱుకుకొనును; ఆ తప్పు చాలమాఱులు తుపాకిది కాదు, చేతిది.

1964లో సంస్థ ఖర్చు తగ్గించుటకై ఆ తుపాకి తయారీని మార్చెను. చెక్కి చేసిన కొన్ని ఉక్కుభాగములకు బదులు అచ్చుకొట్టిన రేకుభాగములు, గట్టి చీలలకు బదులు బోలు చీలలు వచ్చెను. ప్రకటన లేమి చెప్పినను, చేతబట్టినవారు తేడాను గుర్తించిరి. ఆ యేటికి ముందువాటికి ఎక్కువ వెల యిచ్చుట నాడు మొదలై నేటికిని సాగుచున్నది. పిదప సంస్థ కొన్ని మార్పులను సరిదిద్దెను. న్యూహేవెన్ నగరములోని దాని పాత కర్మాగారము 2006లో మూతపడెను.

ఈ కథలో పరీక్షాసంఘముల మాట పలుమాఱులు తప్పెను. కొన్నవాని మాట తప్పినది తక్కువ. చేయి కాలినవాడు, తూటా పేలనివాడు, తోలుకట్టు కట్టుకొన్నవాడు – వీరి అనుభవమే తరువాతి నమూనాకు పాఠమయ్యెను. మనయింటి కుట్టుమిషనుకైనను, పొలములోని పంపుకైనను ఇదే న్యాయము. అయితే తుపాకి విషయమున ఇంకొక ప్రశ్న మిగులును. అది నమ్మకముగా పేలునా అన్నదానికి దాని యజమాని ఉత్తరము చెప్పగలడు. పేలవలసియుండెనా అన్నదానికి చరిత్ర చెప్పవలెను.