అయిదు తాయెత్తులూ ఒక్క తాయెత్తే

ఆదివారం పొద్దున్న ఆబిడ్స్‌లో దుకాణాలు తలుపులు మూసుకుని పడుకుంటే, వాటి ముందరి ఫుట్‌పాత్ మాత్రం పాత పుస్తకాలు పరుచుకుని మేలుకుంటుంది. కాలేజీ రోజుల్లో నా నవలల దాహం తీర్చిన చలివేంద్రం అదే. కిందటి నెల ఒక ఆదివారం మావాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. వాడు ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం. వాడికి లెక్కల గైడు కొనాలని నా తాపత్రయం. వాడేమో ఒక గుట్ట అడుగునుంచి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం లాగి, తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టు గుండెకు హత్తుకున్నాడు. తోలు అట్టలా, రాళ్లు పొదిగినట్టున్న బొమ్మ దాని మీద.

"ఏమిట్రా అది, మంత్రాల పుస్తకమా?"

"కాదమ్మా, ఆట. డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇది రూల్స్ పుస్తకం."

మూడొందల పేజీల రూల్సు! మన వైకుంఠపాళికి ఒక్క కాగితం చాలింది గదా అనుకున్నాను. పుస్తకాలబ్బాయి "దో సౌ" అన్నాడు. నేను నూట ఇరవై అన్నాను. నూట యాభైకి ఇద్దరం మొహాలు ముడుచుకుని ఒప్పుకున్నాం. గైడు కూడా కొన్నాను లెండి.

అక్కణ్ణించి నాంపల్లిలో మా అమ్మ ఇంటిదాకా నడుస్తూ వాడు ఆ ఆట కథంతా చెప్పాడు. అది పుట్టింది 1974లో, అమెరికాలో లేక్ జెనీవా అనే చిన్న వూళ్లో. గ్యారీ గైగాక్స్ అనే ఆయన ఇన్సూరెన్సు వుద్యోగం పోయాక చెప్పులు బాగుచేస్తూ ఇల్లు గడుపుకునేవాడట. ఆయనా, డేవ్ ఆర్నెసన్ అనే ఇంకో ఆయనా కలిసి దీన్ని తయారు చేశారు. మొదటిసారి వేసింది వెయ్యి పెట్టెలే.

ఇందులో ఒకరు కథ చెబుతారు. తక్కినవాళ్లు వీరుడో, మాంత్రికుడో, దొంగో, తలా ఒక పాత్ర పట్టుకుంటారు. 'నేను కత్తి దూస్తాను' అంటారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. మంత్రపు కత్తి చేతిలో వుంటే పడ్డ అంకెకు ఒకటి కలుపుకోవచ్చు. ఇంకా గొప్ప కత్తి అయితే రెండు, మూడు, అలా అయిదుదాకా. మంత్రపు కవచం, ఉంగరం వుంటే శత్రువుకి పడవలసిన అంకె పెరుగుతుంది.

చూశారూ, తిరకాసంతా ఇక్కడే వుంది. ముఖాలు ఇరవై గనుక ఒక్కొక్క అంకె విలువ నూటికి అయిదు పాళ్లు. రాక్షసుడికి పదిహేను గాని ఆ పైన గాని పడితే మనకు దెబ్బ తగిలేట్టయితే, నూటికి ముప్ఫైసార్లు తగుల్తుంది. మన రక్షణకి అయిదు చేరిస్తే వాడికి ఇరవయ్యే పడాలి. అంటే నూటికి అయిదుసార్లే! మరి మనిషి ఆశ అక్కడ ఆగుతుందా? పదివేళ్లకీ పది ఉంగరాలు, మెడనిండా తాయెత్తులు, పైన పూజారిగారి దీవెన. ఇక ఆ వీరుణ్ణి ఎవరూ తాకలేరు. ఎవరూ తాకలేనివాడితో ఆట నడవదు. కథలూ నడవవు, నవలలు రాసేదాన్ని గనుక ఆ బాధ నాకు తెలుసు. కర్ణుడి కవచకుండలాలు వొలిపిస్తే గాని వ్యాసులవారికి కూడా కురుక్షేత్రం నడపడం కుదరలేదు!

అందుకని కట్టుబాట్లు వచ్చాయి. పాత పుస్తకాల్లో ఒక్కొక్క వస్తువు దగ్గరా ఒక్కొక్క నిబంధన రాసి వుండేది. రెండు రక్షణ ఉంగరాలు పెట్టుకుంటే పెద్దదే పనిచేస్తుంది, ఇలాగన్నమాట. 2000లో వచ్చిన మూడో కూర్పు, మావాడు కొన్నది అదే, ఈ గందరగోళాన్ని ఒక పద్ధతిలో పెట్టింది. ప్రతి మేలుకూ ఒక జాతి. కవచం ఒక జాతి, డాలు ఒక జాతి, దైవానుగ్రహం ఒకటి, అదృష్టం ఒకటి, ధైర్యం ఒకటి, ఇలా పదికి పైనే. ఒకే జాతివి రెండుంటే పెద్దదే లెక్కకొస్తుంది. చిన్నది వున్నా లేనట్టే. వేర్వేరు జాతులైతే అన్నీ కూడతాయి. దెబ్బ తప్పించుకునే చురుకుదనానికి మాత్రం ఈ ఆంక్ష లేదు. అది ఎన్ని వైపులనుంచి వచ్చినా కూడుతుందట.

"మరి చెడుపుల సంగతో?" అని అడిగాను.

"అవి చాలామటుకు అన్నీ కూడతాయమ్మా!"

కర్ణుడి చావుకు సవాలక్ష కారణాలని పెద్దలు వూరికే అన్నారా? గురువు శాపం, బ్రాహ్మణుడి శాపం, పైన శల్యసారథ్యం. ఒక్కటీ పక్కకు తప్పుకోలేదు పాపం!

2014లో వచ్చిన అయిదో కూర్పు ఈ జాతుల చిట్టాని చాలావరకు ఎత్తేసి ఇంకో దారి పట్టింది. మనిషితో ముడిపడే గొప్ప మంత్రవస్తువులు మూడుకి మించకూడదు. మనసు నిలిపి పట్టుకోవలసిన మంత్రం ఒకసారికి ఒక్కటే వుండాలి. ఎవరైతేనేం, ఆశకి ఎక్కడో ఒకచోట గీత గీశారు.

మా అమ్మ యూసుఫైన్ దర్గాకు దగ్గర్లో వుంటుంది. ఆంజనేయస్వామి సిందూరం, దర్గా తాయెత్తు ఆవిడ అలమరలో ఒకే డబ్బాలో వుంటాయి. మనవణ్ణి చూడగానే, "పరీక్షలు దగ్గరకొస్తున్నాయి, చెయ్యి ఇలా పట్టరా నాన్నా" అంటూ తాయెత్తు కట్టబోయింది. అప్పటికే వాడి మణికట్టుకి ఎర్రదారం వుంది.

"అమ్మమ్మా, ఈ రెండూ ఒకే జాతి. కూడవు!"

అమ్మ వూరుకునే రకమా? "ఆ దర్గాలో ఇద్దరున్నారు తెలుసా? యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా. ఔరంగజేబు సైన్యంలో సిపాయిలుట. గాలివానకి అందరి గుడారాలూ కూలి దీపాలారిపోతే, వాళ్ల గుడారంలో దీపం మాత్రం వెలుగుతూనే వుందిట. మరి ఆ ఇద్దరి మహిమా కూడలేదంటావా?"

జవాబు నేను చెప్పాను. 1687లో గోలకొండని ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించాడు. ఫిరంగికి ఫిరంగి చేర్చాడు, సేనకి సేన చేర్చాడు. కోట లొంగలేదు. చివరికి సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లోపలినుంచి తలుపు తీశాడు. మన తానాషా ఖైదీ అయిపోయాడు. నమ్మకద్రోహం వేరే జాతి. చేరిందో లేదో, లెక్క మారిపోయింది!

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా అంది: "మీ మామయ్యకి టైఫాయిడ్ వచ్చినప్పుడు అయిదు తాయెత్తులు కట్టానురా. చిన్న చెయ్యి, చోటు చాలక రెండు మెడలో వేశాను."

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. తమ్ముడు మంచంలో కలవరిస్తూండేవాడు. రాత్రి ఎప్పుడు మెలకువ వచ్చినా అమ్మ వాడి నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూనే వుండేది. ఆవిడ ఎప్పుడు పడుకునేదో నాకిప్పటికీ తెలీదు.

మావాడు ఎగతాళి చేస్తాడేమోనని భయపడ్డాను. వాడు అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "అయిదు తాయెత్తులూ ఒక్క తాయెత్తే అమ్మమ్మా. కాని డాక్టరు మందు వేరే జాతి. నువ్వు మేలుకుని కూచున్నావు చూడు, అది ఇంకో జాతి. అవి కూడాయి."

అమ్మ కళ్లు తుడుచుకుంది. వెంటనే నావైపు తిరిగింది. ఆవిడ మెత్తబడ్డాక మరుక్షణం జాగ్రత్తగా వుండాలి సుమండీ.

"మరి నువ్వు వీడికి పెట్టించిన ట్యూషన్లు ఎన్నే?"

"మూడు."

"దేనికి?"

"...లెక్కలకి."

తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి, రాత్రి కంప్యూటరు ముందు ఒకటి. ముగ్గురూ చెప్పేది అవే లెక్కలు. ముగ్గురిలో పెద్దది ఏదో అదే పనిచేస్తోంది. తక్కిన రెండూ వున్నా లేనట్టే. చాలని నిద్ర, సగంలో వదిలేసే అన్నం, కళ్లకింద నలుపు, పైన నా సణుగుడు మాత్రం అన్నీ కూడుతున్నాయి. శల్యసారథ్యం అని కర్ణుడి మీద జాలిపడ్డానే, నా ఇంట్లో పగ్గాలు పట్టుకుని కూచున్నది ఎవరు?

మావాడు తల వంచుకుని పుస్తకం పేజీలు తిప్పుతున్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

తాయెత్తు మాత్రం కట్టించుకున్నాడు. లెక్కలో కూడకపోయినా అమ్మమ్మ సంతోషం వేరే జాతిట.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం మోగింది. నేనే లేచి నొక్కేశాను. వాడు అటు తిరిగి పడుకున్నాడు. దుప్పటి సరిచేసి, నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.