అన్నమనే మాటకు ప్రతిపదార్థం

1996 నవంబరులో రోమ్ నగరంలో ప్రపంచ ఆహార శిఖరాగ్ర సభ జరిగింది. దేశదేశాల ప్రతినిధులు అక్కడ ఒక నిర్వచనానికి ఒప్పుకున్నారు. దాని భావం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: అందరికీ, ఎల్లప్పుడూ, చాలినంత, హాని చేయని, పోషకాలున్న ఆహారం, వాళ్ల అవసరానికీ ఇష్టానికీ తగినది, చురుగ్గా ఆరోగ్యంగా బతకడానికి సరిపడేది, అందుబాటులోనూ కొనగలిగే ధరలోనూ ఉంటే అది ఆహార భద్రత. ఇందులో ఏ మాట లోపించినా అది అభద్రతే.

పద్యానికి రాసినట్టు ఈ వాక్యానికి ప్రతిపదార్థం రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. దీనిలోని ఒక్కో మాటకు అర్థం మన ఊళ్లలోనే దొరుకుతుంది. ఆ ఊళ్లు తిరిగి, తిండినీ ఒంటినీ కలిపి కొలిచిన పరిశోధకులు మన మధ్యనే ఉన్నారు.

అందరికీ: ఈ మాట పలకడం తేలిక, కొలవడం కష్టం. రేషన్ కార్డు కుటుంబానికి ఇస్తారు. బియ్యం కుటుంబానికి చేరుతుంది. కానీ ఆకలి కుటుంబానికి వేయదు, మనిషికి వేస్తుంది. లెక్క గడప దగ్గరే ఆగిపోతే లోపల ఎవరి పళ్లెంలో ఏం పడిందో తెలియదు. అందుకే హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు తమ ఆహార సర్వేలకు కొలత గిన్నెల సెట్టు పట్టుకుని వెళతారు. నిన్న పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఇంట్లో ఎవరెవరు ఏమేం తిన్నారో గిన్నెల కొలతతో అడుగుతారు.

ఆ అడగడం ఎలా సాగుతుందో ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. సర్వే అమ్మాయి చాప మీద గిన్నెలు వరుసగా పేరుస్తుంది. ఇంటావిడ ఎదురుగా కూర్చుంటుంది. ఇంటాయనకు అన్నం ఈ గిన్నెకు రెండు, పప్పు ఇంత. అత్తకు ఇంత. పిల్లలకు ఇంతింత. తడుముకోకుండా చూపిస్తుంది, వడ్డించిన చెయ్యి తనదే కదా. ఆఖరికి "మరి నువ్వేం తిన్నవమ్మా?" అని అడిగితే మాత్రం ఆగిపోతుంది. "మిగిలింది తిన్న." "ఎంత మిగిలింది?" గిన్నెల వంక కాసేపు చూసి ఒక చిన్నది ముందుకు జరుపుతుంది. "పప్పు?" "అయిపోయింది. తొక్కేసుకొని తిన్న."

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో దేశమంతా రక్తం పరీక్షించింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషుల్లో 25 శాతం. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నెలసరి, కాన్పులు ఈ తేడాలో కొంత భాగానికి కారణం, కాదనను. అలాంటి ఒంటికి ఇనుము ఎక్కువ కావాలి కాబట్టి పప్పూ ఆకుకూరా గుడ్డూ ముందు ఆమె పళ్లెంలోనే పడాలి. మన ఇళ్లలో జరుగుతున్నది దానికి తలకిందులు. ఇంకొక్క మాట. ఇంటి అవసరాన్ని లెక్కకట్టేటప్పుడు మన పోషకాహార శాస్త్రం కూర్చుని పని చేసుకునే మగవాణ్ణి ఒక యూనిట్‌గా పెట్టుకుని, మిగతా అందరినీ అతనితో పోల్చి కొలుస్తుంది. కొలతకు ఏదో ఒక ప్రమాణం ఉండాల్సిందే. కానీ వంగి నాట్లేసే ఆడమనిషిని గుర్తుపెట్టుకుని ఆ లెక్కను చదవాలి.

ఎల్లప్పుడూ అనే మాట చాలామంది దాటుకుపోయే మాట. కోతలప్పుడు వెళ్లి అడిగితే ఏ ఊరైనా కడుపు నిండిన ఊరులాగే కనిపిస్తుంది. కూలి దొరకని నెలల్లో వెళ్లాలి. వానలకు దారులు తెగిన మన్యంలో మామిడి టెంకల పిండితో అంబలి కాచుకునే రోజుల్లో వెళ్లాలి. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఇప్పుడు వాడుతున్న కొలబద్దలో ఎనిమిది ప్రశ్నలుంటాయి. గడిచిన పన్నెండు నెలలనూ గుర్తు చేసుకుని జవాబు చెప్పమంటారు. రోజంతా పస్తున్నారా అనేది వాటిలో ఆఖరి ప్రశ్న. మొదటి ప్రశ్న ఆకలి గురించి కాదు, దిగులు గురించి: డబ్బు లేక తిండికి ఇబ్బంది అవుతుందేమోనని ఎప్పుడైనా భయపడ్డారా? ఆ ప్రశ్నను మొదట పెట్టినవాళ్లకు పేదరికం తెలుసని నాకనిపిస్తుంది. రేపటి అన్నం ఎలాగన్న బెంగ ఈ పూట తిన్న అన్నాన్ని కూడా ఒంటబట్టనివ్వదు.

కరువు పిల్లల ఒంటి మీద ఎంతకాలం నిలుస్తుందో చెప్పిన అధ్యయనం కూడా మన దగ్గరే జరిగింది. యంగ్ లైవ్స్ అనే ఆ అధ్యయనపు పరిశోధకులు 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. పసితనంలో కరువు తగిలిన పిల్లలు ఎత్తులోనూ బరువులోనూ వెనకబడ్డారు. బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో మాత్రం ఆ లోటు పూడింది. వండిన వేడి భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించబట్టే ఆ పళ్లెం బడికి వచ్చింది. కోర్టు తీర్పు పిల్లవాడి ఎత్తు కొలిచే కర్ర మీద కనపడడం అరుదు. ఇక్కడ కనపడింది.

అందుబాటులో, కొనగలిగే ధరలో: దీని గురించి మనవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. కిలో రెండు రూపాయల బియ్యం 1983 నాటికే చూసినవాళ్లం. 2013 ఆహార భద్రత చట్టం అర్హులైన ఒక్కో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యాన్ని హక్కు చేసింది. అంటే రోజుకు దాదాపు 165 గ్రాములు. అది ప్రాణం నిలుపుతుంది, అంతవరకే. పప్పుకూ పాలకూ కూరకూ జేబులో డబ్బులు కావాలి.

చాలినంత, పోషకాలున్న: ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నా రెండూ ఒకటి కావని దక్కన్ పీఠభూమి చాలా ముందే చూపించింది. జొన్నలు తిని బతికే పేద కూలీల్లో ఒక జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేచేది. కొందరికి మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ. నోరు పూసేది, విరేచనాలయ్యేవి, మనసు కుంగిపోయేది. దాని పేరు పెలాగ్రా, నియాసిన్ అనే బి విటమిన్ కొరత. కడుపు నిండా రొట్టె తిన్నవాళ్లకే వస్తోందేమిటని పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతయ్య ఆలోచించారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కు ఇందులో పాత్ర ఉండవచ్చని 1960లో ప్రతిపాదించారు. దీన్ని చదివి జొన్నను తిట్టుకోకూడదు. పక్కన పప్పూ పాలూ మాంసమూ ఉన్న పళ్లెంలో జొన్నరొట్టె ఏ కీడూ చేయదు. కీడు చేసింది ఒక్క జొన్న తప్ప మరేదీ లేని పళ్లెం. ఇవాళ జొన్న స్థానంలోకి పాలిష్ పట్టిన బియ్యం వచ్చాయి. పళ్లెంలో పక్కన ఉండాల్సినవి చాలా ఇళ్లలో ఇంకా రాలేదు.

హాని చేయని: నల్లగొండ జిల్లా పేరు చెప్తే ఈ మాట అర్థమైపోతుంది. అక్కడ రాతిలోని ఫ్లోరైడ్ బావి నీళ్లలోకి దిగింది. మోకాళ్లు లోపలికి ఒరిగి, నడక వంకరపోయిన యువకుల గురించి పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో వైద్య లోకానికి తెలియజేశారు. ఆ నీళ్లతోనే అన్నం, ఆ నీళ్లతోనే పప్పు. పాలూ కాల్షియమూ అందని ఒంటి మీద ఆ విషం ఇంకా గట్టిగా పనిచేస్తుంది. ఊరంతా తాగిన నీళ్లు ఒకటే అయినా, ఎక్కువగా వంగిపోయింది పేదవాడి కాళ్లే.

ఇష్టానికి తగిన అనగానే పేదలకు ఇష్టాలేమిటని అడిగేవాళ్లున్నారు. జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళలు ఆ ప్రశ్నకు చేతలతో జవాబిచ్చారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా కూడి, బీడుపడ్డ తమ చెలకల్లో జొన్నలు, సజ్జలు, కొర్రలు పండించి, ఊళ్లోనే నిలవ చేసి, ఊళ్లోని పేద ఇళ్లకు తామే పంచారు. ఏ ఇంటికి ఎక్కువ అవసరమో తేల్చడానికి పై అధికారి రావక్కర్లేదు, వాడకట్టులోని ఆడవాళ్లకు అది ముందే తెలుసు. సమాజంతో కలిసి చేసే పరిశోధన అంటే నా దృష్టిలో అదే. తెలంగాణ ప్రభుత్వం 2025లో రేషన్‌లో సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టిందంటే, తినలేనిది ఇస్తే అది తిండి కింద లెక్కకు రాదని ఒప్పుకున్నట్టే.

చురుగ్గా ఆరోగ్యంగా బతకడం: ఇది ఫలశ్రుతి. 1987-90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో ఒక ప్రయత్నం జరిగింది. 15 ఊళ్లలో గర్భిణులకూ బాలింతలకూ ఆరేళ్ల లోపు పిల్లలకూ రోజూ వండిన ఉప్మా పెట్టారు. పథకం ఇంకా చేరని 14 ఊళ్లతో పోల్చి చూశారు. పిల్లలకు అందింది రోజుకు ఓ 300 కేలరీలు. పరిశోధకులు ఆ ఊళ్లను మరిచిపోలేదు. పిల్లలు 13-18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెళ్లి 1,165 మందిని కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కువున్నారు. ఎత్తు కన్నా నన్ను ఆపేసిన సంగతి వేరే ఉంది: వాళ్ల రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. గుండెజబ్బుకూ చక్కెరజబ్బుకూ అవి చెడడమే తొలి గుర్తు. తల్లి కడుపులోనూ పసితనంలోనూ దక్కిన ఒక గరిటె ఉప్మా పదిహేనేళ్ల తర్వాత నాళాల్లో కనిపించింది.

రోమ్ వాక్యంలో లేని మాట ఒకటుంది, అసమానత. తేడాలన్నీ అసమానతలు కావు. ముసలివాళ్లకు కీళ్లనొప్పులు ఎక్కువ, అది తేడా. తప్పించగలిగి ఉండీ తప్పించని తేడా అన్యాయమని ప్రజారోగ్య పరిశోధకురాలు మార్గరెట్ వైట్‌హెడ్ 1990ల మొదట్లో తేల్చి చెప్పింది. మన దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో ఎదుగుదల గిడసబారినవాళ్లు అట్టడుగు ఇళ్లలో 46 శాతం, పై మెట్టు ఇళ్లలో 23 శాతం. ఉప్మాతో తగ్గేదాన్ని తగ్గించకుండా వదిలేస్తే దానికి వేరే పేరు పెట్టలేను.

1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం పల్లె పళ్లేలను దశాబ్దాల పాటు లెక్కగట్టి, 2015లో మూతపడింది. వేరే సర్వేలు వచ్చాయి, ఇంకా వస్తాయి. ఎప్పుడైనా సర్వేవాళ్లు మీ ఇంటి మెట్లెక్కితే ఇంటిపెద్ద చేతికి ఫారం ఇవ్వకండి. వండిన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి. లెక్క ఆమె పళ్లెంతోనే మొదలుపెట్టమనండి.