స్వైన్ ఫ్లూ (తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతం)

హెచ్1ఎన్1 వైరస్ వల్ల వచ్చే ఈ శ్వాసకోశ వ్యాధికి పేరే పెద్ద అపకారం చేసింది. పందిని చూసి భయపడేవారు పక్కన దగ్గే మనిషిని పట్టించుకోరు. నిజానికి 2009 మేలో దేశంలో తొలి కేసు అమెరికా నుంచి హైదరాబాద్ చేరిన విమాన ప్రయాణికుడిలో బయటపడింది. తిరుత్తణిలోనైనా, తిరువళ్లూరులోనైనా ప్రమాదం గుంపుల్లోనే ఉంది: కిక్కిరిసిన చెన్నై లోకల్ రైలు పెట్టెలో, ఆడికృత్తిక పండుగకు కావళ్లతో జనం ఎక్కే 365 మెట్ల తిరుత్తణి కొండ మీద. వైరస్ పుట్టుక పందుల్లోనే కదా అనవచ్చు. నిజమే, దాని జన్యువులు పందుల ఫ్లూ వైరస్‌ల నుంచి వచ్చినవే. కానీ ఇప్పుడది మనుషుల మధ్య తిరిగే సీజనల్ ఫ్లూ; బాగా ఉడికిన మాంసంతో సోకదు, తుంపరలతోనూ అవి పడ్డ చేతులతోనూ సోకుతుంది.

జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు, పిల్లల్లో ఒక్కోసారి వాంతులు, విరేచనాలు దీని లక్షణాలు. మామూలు జలుబుజ్వరంతో పోలిక ఉంది కాబట్టి అందరికీ పరీక్ష చేయాలనే వాదన ఉంది. కానీ స్వల్ప లక్షణాలకు ఇంటిపట్టున విశ్రాంతి చాలు, పరీక్ష అక్కర్లేదు. గర్భిణులు, వృద్ధులు, చిన్నపిల్లలు, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారి సంగతి వేరు. వారికి ఒసెల్టామివిర్ అనే యాంటీవైరల్ మందును లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితే మేలు ఎక్కువ; పరీక్ష ఫలితం కోసం కాచుకోవడం ఆ గడువును తినేస్తుంది. ఆయాసం, ఛాతీనొప్పి, పెదవులు నీలబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.