భయమునకు నెలవు: గాథిక్ నవలలోని కోట

భయము పుట్టించుటకు దయ్యమే రానక్కరలేదు. మూసిన తలుపు, ఆరబోవు దీపము చాలును. ఈ సంగతి రేడియో నాటకములు వినువారికి క్రొత్త కాదు. కిఱ్ఱుమను తలుపు చప్పుడొక్కటి వినవచ్చినంతనే, ఆ తలుపు వెనుకనున్న గదిని శ్రోత తన మనస్సులోనే కట్టుకొనును. ఆంగ్ల సాహిత్యమున ఈ కిటుకును ఆధారముగా గొని పదునెనిమిదవ శతాబ్దమున ఒక నవలాశాఖయే వెలసినది. దానికి గాథిక్ నవల యని పేరు.

గాథిక్ అనునది మధ్యయుగపు కట్టడములకు వాడుకయైన మాట. మొనదేలిన కమానులు, రంగుటద్దముల కిటికీలు, ఎత్తైన గోపురములు దాని లక్షణములు. ప్రధానమంత్రి కుమారుడైన హోరెస్ వాల్పోల్ థేమ్సు నదీతీరమునగల తన స్ట్రాబెరీ హిల్ భవనమును ఆ పద్ధతిలో మలచుకొనెను. 1764లో ఒకనాడు అతనికి కల వచ్చినది. ప్రాచీన దుర్గమున గొప్ప మెట్లవరుస. దాని చేతిపట్టెపై ఇనుప కవచము తొడిగిన మహాహస్తము. ఆ కలనుండి ‘ఒట్రాంటో దుర్గము’ అను నవల పుట్టినది. ఆ సంవత్సరాంతముననే అది అచ్చయ్యెను.

అందులో పెండ్లినాడే పెద్ద శిరస్త్రాణము మీదపడి వరుడు మరణించును. అతని తండ్రి మాన్‌ఫ్రెడ్ వంశము నిలుపుకొనుటకై, కోడలు కావలసిన ఇసబెల్లాను తానే పెండ్లాడనెంచును. ఆమె దీపము చేతబట్టి కోటక్రింది సొరంగములో పరుగెత్తును. గాలి విసరి దీపము ఆరిపోవును. ఆ శిరస్త్రాణమును నేటి పాఠకుడు నమ్మకపోవచ్చును. కాని దీపమారిన సొరంగము మాత్రము అతనిని నేటికిని వదలదు.

దీనికి కారణమేమి? అంతకుముందే, 1757లో, ఎడ్మండ్ బర్క్ అను మేధావి దీనిని వివరించియుండెను. వస్తువు స్పష్టముగా కనిపించినచో దాని కొలత తెలియును, భయము తగ్గును. సగము కనిపించినచో మిగిలిన సగమును మన ఊహ పెంచుకొనునని ఆయన భావము.

ఈ విద్యలో ఆరితేరిన రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్. 1794లో వెలువడిన ఆమె ‘ఉడాల్ఫో రహస్యములు’ నవలలో, అనాథయైన ఎమిలీ ఇటలీ కొండలలోని కోటను తొలుత సంధ్యవేళ చూచును. వెలుగు గోడలనుండి మెల్లమెల్లగా జారిపోవును. కోట పెద్దదగుచున్నట్లు తోచును. లోపల ఒక గదిలో నల్లని తెర వ్రేలాడుచుండును. ఎమిలీ దానిని తొలగించి మూర్ఛిల్లును. ఆమె చూచినదేమో రచయిత్రి వందలకొలది పుటలవరకు చెప్పదు. కట్టకడపట తెలియును: అది శవము కాదు, మైనపుబొమ్మ.

బొమ్మ అబద్ధము. కాని గడియవేసిన గది అబద్ధము కాదు. కోట యజమాని మాంటోనీ ఎమిలీ మేనత్తను పెండ్లాడి, ఆమె ఆస్తి తన పేర వ్రాయుమని నిర్బంధించును. ఆమె మరణించిన పిమ్మట ఎమిలీని అట్లే బెదరించును. కథ 1584నాటిదైనను, చదివిన ఇంగ్లీషు స్త్రీలకు ఈ భయము పరాయిది కాదు. వారి దేశమున పెండ్లియైన స్త్రీ చరాస్తి భర్తకే చెందుచుండెను; ఆమె భూమిపై అజమాయిషీయు అతనిదే. ఈ స్థితి 1870 చట్టముతో కొంతయు, 1882 చట్టముతో చాలవరకును మారినది. కావున ఉడాల్ఫో కోటగోడలు కేవలము రాతిగోడలు కావు; అవి ఆనాటి న్యాయశాస్త్రమే.

ఈ మర్మమును జేన్ ఆస్టిన్ నవ్వుచునే పట్టుకొనినది. ఆమె మరణానంతరము, 1817 చివర వెలువడిన ‘నార్థాంగర్ ఆబీ’లో కేథరిన్ అను బాలిక గాథిక్ నవలలు చదివి, అతిథిగా వచ్చిన ఇంట రహస్యములు వెదకును. తుఫానురాత్రి పాతబీరువాలో కాగితముల చుట్ట దొరకును. కొవ్వొత్తి ఆరిపోవును. తెల్లవారి చూడగా అవి చాకలి పద్దులు! గృహస్థు భార్యను చంపినాడన్న ఆమె అనుమానమును వట్టిదే. కాని ఈమె ధనవంతురాలు కాదని తెలిసినంతనే ఆ గృహస్థు ఆమెను, తోడైనను ఇవ్వక, డెబ్బది మైళ్ళ ప్రయాణమునకు వెళ్ళగొట్టును.

ఇట్టి కథ చదువునపుడు దయ్యమెక్కడ నున్నదని వెదకుటకన్న, తలుపు తాళముచెవి ఎవరి చేతనున్నదో గమనించుట మేలు. భయము పుట్టుచోటు చాలమారు అదియే.