36 ఏళ్లకు ఒక్కసారి

జొన్న ఒక్కటే వేసిన చేను ఎనిమిదేళ్లకు ఒకసారి రైతును ముంచుతుంది. కంది ఒక్కటే వేస్తే అయిదేళ్లకు ఒకసారి. అవే రెండు పంటలను ఒకే చేలో సాళ్లు కలిపి వేస్తే ఆ కష్టం 36 ఏళ్లకు ఒక్కసారి గానీ రాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఎం.ఆర్. రావు, ఆర్.డబ్ల్యు. విల్లీ 94 ప్రయోగాల ఫలితాలను పోగేసి తేల్చిన లెక్క ఇది. రాబడి ఇంతకన్నా పడిపోతే ఇల్లు గడవదని ఒక గీత గీసుకున్నారు. ఏ సాగు ఎన్నేళ్లకోసారి ఆ గీత కిందికి జారుతుందో చూశారు. 1980లో ఒక ఆంగ్ల పరిశోధన పత్రికలో ఆ వ్యాసం అచ్చయింది.

నారాయణఖేడ్ చుట్టుపక్కల రేగళ్లలో ఈ లెక్క పుట్టకముందు నుంచీ జొన్నలో కంది వేస్తూనే ఉన్నారు. జొన్న త్వరగా లేచి వానాకాలం తేమను వాడుకుంటుంది. కంది ఆ మూడు నెలలూ నెమ్మదిగా, జొన్న నీడలో ఒదిగి ఉంటుంది. జొన్న కోసేశాక చేను మొత్తం కందిదే. వేరు లోతుకు దిగి, పైన ఎండిన రేగడి అడుగున మిగిలిన తడిని తాగుతూ చలికాలంలో పూస్తుంది. వానలు ముందు మొహం చాటేస్తే జొన్న పోతుంది, కంది నిలుస్తుంది. చివర్లో మొహం చాటేస్తే కంది తగ్గుతుంది, అప్పటికే జొన్న ఇంట్లో పడి ఉంటుంది. పైగా కంది రాల్చిన ఆకు, వేళ్ల బుడిపెల్లో పట్టుకున్న నత్రజని మరుసటి పంటకు ఎరువు.

పటాన్‌చెరు, నారాయణఖేడ్ అప్పట్లో రెండూ మెదక్ జిల్లాలోవే. ఇప్పుడు రెండూ సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. జిల్లాకు ఒక కొసన రైతు చేస్తున్న పనిని ఇంకో కొసన శాస్త్రం కొలిచింది. కొలిచాక ఆ ఫలితం తిరిగి ఖేడ్ రైతు గుమ్మం దాకా ఏ దారిన రావాలి? ఏ భాషలో రావాలి? ఎవరి నోట రావాలి? మన ప్రాంతంలో ఈ ప్రశ్నల వయసు నూరేళ్లు దాటింది.

నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదరు జిల్లాలోది. భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు విడిపోయినప్పుడు జహీరాబాద్ తాలూకాతో పాటు వచ్చి మెదక్‌లో కలిసింది. అందుకే ఇక్కడి సంతలో ఇప్పటికీ తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, తండాల లంబాడీ భాష కలగలిసి వినిపిస్తాయి. ఈ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉండగానే 1917లో ఏడో నిజాం ఫర్మానా ఇచ్చాడు, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశమంతా విశ్వవిద్యాలయాలు ఇంగ్లీషులో పాఠం చెబుతున్న రోజులవి. ఉస్మానియా మాత్రం గణితం, వైద్యం, ఇంజినీరింగు, చట్టం అన్నీ ఉర్దూలో చెప్పడానికి పూనుకుంది. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, పండితులను కూర్చోబెట్టి పుస్తకాలు రాయించింది, శాస్త్ర పదాలు కట్టించింది. విదేశీ జ్ఞానాన్ని దేశభాషలోకి అంత పెద్ద ఎత్తున దింపిన పని దేశంలో అంతకుముందు ఏ విశ్వవిద్యాలయమూ చేయలేదు. ఆ సాహసానికి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదనే నా అభిప్రాయం. కానీ రాజ్యంలో నాగలి పట్టిన చేతుల్లో అత్యధికం తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడేవారివి. ఆ పుస్తకాలు ఖేడ్ పొలాల దాకా రాలేదు.

అంతకు పదేళ్లకు పైగా ముందే, అదే హైదరాబాదులో, ఏ విశ్వవిద్యాలయమూ వెనక లేకుండా తెలుగువాళ్లు కొందరు ఆ పనికి దిగారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు తదితరులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. చరిత్రతో పాటు జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, పదార్థ విజ్ఞానం తెలుగు పుస్తకాలై ఇళ్లకు చేరాయి. చందాదార్ల డబ్బుతో నడిచిన విశ్వవిద్యాలయం అది. అయినా చదవడం వచ్చినవారికే చదువు. బడి లేని పల్లెకు పుస్తకం వచ్చినా దాన్ని విప్పేవారు లేరు.

పల్లె గడప తొక్కాలన్న ఆలోచన మన విశ్వవిద్యాలయాలకు వ్యవసాయం వల్ల వచ్చింది. అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టంతో భూములిచ్చి పెట్టిన కళాశాలలకు 1914లో స్మిత్-లీవర్ చట్టం ఇంకో బాధ్యత అప్పగించింది. పాఠం చెప్పడం, పరిశోధన చేయడంతో పాటు ఫలితాన్ని రైతుకు అందించడం కూడా విశ్వవిద్యాలయం పనే అయింది. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం దానికి తోడు నిలిచింది. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు కాళ్ల పద్ధతి అలా మన దగ్గరికి వచ్చింది. తర్వాత అది ఎన్.జి. రంగా పేరు పెట్టుకుంది. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో జయశంకర్ పేరుతో ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం వేరుపడింది. 1974లో పుదుచ్చేరిలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద దేశంలోనే మొదటి కృషి విజ్ఞాన కేంద్రం తెరుచుకుంది. ఇప్పుడు అలాంటివి 700కు పైగా ఉన్నాయి. మన విశ్వవిద్యాలయం జిల్లాల్లో పెట్టిన సలహా కేంద్రాలకు ఏరువాక కేంద్రాలని చక్కటి పేరుంది.

ఈ ఏర్పాటులో లోపం తొలినుంచీ ఒకటే. చెప్పేవాడు పైన, వినేవాడు కింద. హరిత విప్లవం ఊపులో విస్తరణ అధికారి సంచిలో ఉన్నది ఒకే విత్తనం, ఒకే ఎరువు మోతాదు, ఒకే పంట. కలిపి వేసే సాగు వెనకబాటుతనానికి గుర్తుగా కనిపించింది. సరిగ్గా ఆ సమయంలోనే పటాన్‌చెరులో రావు, విల్లీ కలిపి వేసే సాగే గట్టి సాగని లెక్క తీస్తున్నారు.

ఇక్రిశాట్ విశ్వవిద్యాలయం కాదు, 1972లో మొదలైన అంతర్జాతీయ పరిశోధన సంస్థ. దాని ప్రయోగ క్షేత్రాలున్న నేల మన్మూల్, కాచిరెడ్డిపల్లి గ్రామాలది. ఆ రైతులు ఊళ్లు వదిలి జరిగితేనే ఆ శాస్త్రానికి చోటు దొరికింది. ఎన్ని వార్షికోత్సవాలు జరిగినా ముందు చెప్పుకోవాల్సిన సంగతి ఇది.

కంది కథ చూడండి. ఎండు తెగులు పట్టిన కందిచేను పూత మీద ఉండగానే నిలువునా ఎండిపోతుంది. ఆ తెగులును తట్టుకునే మొక్క ఎక్కడుందని ఇక్రిశాట్‌వాళ్లు వెతికితే మహారాష్ట్రలోని బద్నాపూర్ నుంచి సేకరించిన విత్తనంలో దొరికింది. దాన్నుంచి ఎంపిక చేసిన రకమే 1980ల మధ్యలో కర్ణాటకలో విడుదలైన మారుతి. తర్వాత ఎండు తెగులుతో పాటు వెర్రి తెగులునూ తట్టుకునే ఆశ రకం 1993లో వచ్చింది. 2011లో కంది జన్యుపటాన్ని ప్రపంచానికి విప్పి చూపినప్పుడు రాజీవ్ వార్ష్నే బృందం ఎంచుకున్నది ఈ ఆశనే. ఊళ్లో కాపాడిన గింజ ప్రయోగశాలకు వెళ్లి, తెగులును తట్టుకునే బలంతో సరిహద్దు రేగళ్లకు తిరిగి వచ్చింది. శాస్త్రం పంచుకోవడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ గింజనే. ఇచ్చిన చేయి ఊరిది, పుచ్చుకున్న చేయీ ఊరిదే. నడుమ శాస్త్రవేత్త శ్రమ ఉంది.

గింజకు సాధ్యమైనది మాటకు సాధ్యం కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా భారత్ ఒక పెద్ద ప్రయోగం చేసింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. ఆ 'సైట్' ప్రయోగంలో పనిచేసిన దూరదర్శన్ నిర్మాతల్లో మైసూరుకు చెందిన పి.వి. సతీశ్ ఒకరు. ఆకాశం నుంచి పాఠం దిగుతుంది, ఊరు చూస్తుంది. ఊరు మాట్లాడితే మాత్రం వినే ఏర్పాటు లేదు. ఇదే సతీశ్ 1983లో మిత్రులతో కలిసి, నారాయణఖేడ్‌కు పొరుగునే ఉన్న జహీరాబాద్ ప్రాంతంలోని పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నిలబెట్టారు. 2023 మార్చిలో కన్నుమూసేదాకా ఆ పని వదల్లేదు.

ఆ సంస్థలో సంఘాలు కట్టినవాళ్లు ఎక్కువమంది దళిత స్త్రీలు. పడావు పడ్డ చెల్కలను బాగుచేసి కొర్ర, సామ, జొన్న, కంది, పెసర కలిపి వేశారు. యాసంగిలో నీరు పెట్టకుండా మంచుకే పండే శనగ, కుసుమ లాంటివాటిని సత్యం పంటలన్నారు. ఊరూరా విత్తన బ్యాంకులు పెట్టారు. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊళ్లు తిరుగుతారు. జహీరాబాద్ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రాన్ని నడిపేదీ ఈ సంస్థే.

2001 జూన్ చివర జహీరాబాద్ పక్కన అల్గోల్‌లో జరిగిన సంగతి మన విశ్వవిద్యాలయాల చరిత్రలో ప్రత్యేకంగా రాసుకోవాల్సింది. ప్రభుత్వం విజన్ 2020 పేరుతో వ్యవసాయానికి కొత్త దారి గీస్తున్న రోజులు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, సతీశ్ ముందుండి నడిపిన జీవవైవిధ్య పరిరక్షణ కూటమి, ఇంగ్లండ్‌లోని రెండు పరిశోధన సంస్థలు, మరికొందరు కలిసి ప్రజాతీర్పు ఏర్పాటు చేశారు. జ్యూరీలో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు, వాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లు. రాష్ట్ర సాగు భవిష్యత్తు మూడు తీర్ల ఎలా ఉండొచ్చో వాళ్లకు వీడియోలు వేసి చూపించారు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల ప్రతినిధులు వచ్చి సాక్ష్యం చెప్పారు. జ్యూరీ వాళ్లను ప్రశ్నలు అడిగింది. యంత్రాలొస్తే మా కూలి ఏమవుతుంది, విత్తనం మా చేతిలో ఉంటుందా అన్న దగ్గరే చర్చ నిలబడింది. జన్యుమార్పిడి పంటలు వద్దని, కూలి పోగొట్టే యంత్రాలు వద్దని, కంపెనీ ఒప్పంద సాగు వద్దని తీర్పు చెప్పారు. నివేదిక లండన్‌లో దుమారం రేపింది. రాష్ట్రానికి సాయం చేస్తున్న బ్రిటిష్ ప్రభుత్వ విభాగం దాని పద్ధతినే తప్పుపట్టింది. తీర్పులోని ప్రతి మాటనూ కాలం నిలబెట్టలేదు. ఖేడ్ రేగళ్లలోనే ఆ తర్వాత బీటీ పత్తి కమ్ముకుంది. అయినా పరిశోధకుడు బోనులో నిలబడి రైతుకు జవాబు చెప్పిన ఆ వారం విలువ తగ్గదు. అలాంటిది మళ్లీ ఎక్కువసార్లు జరగకపోవడమే మన నష్టం.

రేడియో కథలోనూ ఇదే పెనుగులాట. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో చెప్పింది. తీర్పు రాసినవారిలో జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. యునెస్కో సాయంతో జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్నూర్‌లో స్టూడియో కట్టుకున్న సతీశ్ సంస్థ సంఘం స్త్రీలకు మాత్రం ఏళ్ల తరబడి లైసెన్సు రాలేదు. 2002 చివర్లో ప్రభుత్వం తలుపు కొంచెం తెరిచినప్పుడు విద్యాసంస్థలకే చోటిచ్చింది. 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం రేడియో మొదలైంది. విశ్వవిద్యాలయం మాట్లాడొచ్చు, ఊరు వినాలి అన్న పాత పద్ధతే చట్టమైనట్టయింది. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకూ అనుమతి దొరికాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గొంతు విప్పింది. ప్రారంభించినవారు జస్టిస్ సావంతే. సంఘం స్త్రీలైన అల్గోల్ నరసమ్మ, జనరల్ నరసమ్మ తమ యాసలోనే విత్తనం గురించీ తెగులు గురించీ మాట్లాడారు. శాస్త్రవేత్తను స్టూడియోకి పిలిచి ప్రశ్నలడిగే చోటు అది. దాని తరంగాలు పాతిక కిలోమీటర్ల దాకానే వెళ్తాయి. ఖేడ్ అవతల కంగ్టి, నాగల్‌గిద్ద తండాలకు అందవు.

ఇప్పుడు కొన్ని ఊళ్లకు ఒకటి చొప్పున రైతువేదికలున్నాయి. 2024 మార్చి నుంచి రైతు నేస్తం పేరుతో వాటిలో తెర మీద శాస్త్రవేత్తలు మాట్లాడుతున్నారు. 2025 వానాకాలం ముందు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు రైతు ముంగిట్లో శాస్త్రవేత్తలు అంటూ ఊళ్లకే వచ్చారు. వీటిని నేను మనసారా ఆహ్వానిస్తాను. నారాయణఖేడ్ డివిజన్‌లో ఈ సభలు లంబాడీలో, కన్నడలో కూడా జరగాలి. రైతు అడిగిన ప్రశ్న రాసుకుని వెళ్లి, వచ్చే ఏడు జవాబుతో రావాలి. పరిశోధన వ్యాసం అచ్చయినప్పుడు దాని సారాంశం రెండు పేజీల తెలుగులో అదే నెలలో రైతువేదిక గోడకెక్కాలి.

కలిసి నడిస్తే ఏమవుతుందో తాండూరులో కనిపించింది. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ పేరు మీద వెళ్లింది, అండగా వ్యవసాయ విశ్వవిద్యాలయం నిలిచింది. ఖేడ్ కందికి అలాంటి ఫైలు తయారు కావాలంటే మొదట మనూరు, కంగ్టి, సిర్గాపూర్ ఊళ్లలో పాత విత్తనం ఎవరి గాదెల్లో ఉందో, ఏ రేగట్లో ఏ రకం వేశారో ముసలివాళ్లను అడిగి రాసుకోవాలి. సంగారెడ్డిలో చదువుతున్న పిల్లలు ఒక వేసవిలో చేయగల పని అది.