ఫిరంగుల కోసం వేసిన కంకర బాట

2025 మే 31. ఇటలీ వాయవ్య మూలన, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక కనుమ దారికి రెండువైపులా జనం కిక్కిరిసి నిలబడ్డారు. మూడు వారాల పాటు సాగే జిరో దితాలియా సైకిల్ పందెంలో అది 20వ అంచె. పందెంలో అందరికంటే ముందున్నవాడు తొడిగే గులాబీ జెర్సీ మెక్సికో కుర్రాడు ఇసాక్ దెల్ తోరో ఒంటి మీద ఉంది. ఇంగ్లండ్ రైడర్ సైమన్ యేట్స్ అతనికి ఒక నిమిషం 21 సెకన్లు వెనకబడి ఉన్నాడు. ఎక్కుడు దారిలో దెల్ తోరో, ఈక్వెడార్‌కు చెందిన రిచర్డ్ కరపాస్ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ ఉండిపోయారు. ఆ సందులో యేట్స్ ముందుకు దూకి, దుమ్ములో కనుమరుగయ్యాడు. పొద్దు గూకేసరికి జెర్సీ అతని చేతికొచ్చింది. మర్నాడు రోమ్‌లో 3 నిమిషాల 56 సెకన్ల తేడాతో జిరో గెలిచాడు.

ఆ గెలుపు విలువ తెలియాలంటే ఏడేళ్లు వెనక్కి వెళ్లాలి. 2018 మే 25న ఇదే కనుమ, ఇదే కంకర. అప్పుడు గులాబీ జెర్సీ యేట్స్‌ది. పదమూడు రోజులుగా అతని ఒంటి మీదే ఉంది. కొండ మొదట్లోనే అతని కాళ్లలో సత్తువ అయిపోయింది. గమ్యం ఇంకా 80 కిలోమీటర్లు ఉందనగా బ్రిటన్ రైడర్ క్రిస్ ఫ్రూమ్ కంకర మీద ఒంటరిగా బయలుదేరి, అంచెతో పాటు జెర్సీని కూడా పట్టుకుపోయాడు. ఆ సాయంత్రం యేట్స్ 38 నిమిషాల 51 సెకన్లు ఆలస్యంగా చేరాడు. ఒకే దారి ఒకే మనిషిని ఒకసారి నేలకు దించి, మరోసారి భుజాన ఎత్తుకున్న సందర్భం సైకిల్ చరిత్రలో ఇంత స్పష్టంగా మరొకటి కనిపించదు.

ఆ దారి పేరు కొల్లె దెల్లె ఫినెస్త్రె. తెలుగులో చెప్పుకుంటే కిటికీల కనుమ. ఎత్తు 2,178 మీటర్లు. ఉత్తరాన సూసా లోయ, దక్షిణాన కిసోనె లోయ, నడుమ ఈ గట్టు. సూసా ఊరు దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి బయలుదేరితే పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల ఎక్కుడు. వాలు సగటున తొమ్మిది శాతానికి పైనే. మొదట చెస్ట్‌నట్ చెట్ల నీడలో మెలికలు తిరుగుతూ తారు రోడ్డు ఉంటుంది. చివరి ఎనిమిది కిలోమీటర్లలో తారు ఉండదు. తెల్లటి దుమ్ము, కంకర రాళ్లు, పచ్చిక బయళ్లు, ఆ పైన ఆకాశం, అంతే.

ఇంత ఎత్తున, పెద్ద ఊళ్లేవీ లేని చోట, బండి వెళ్లేంత వెడల్పున రోడ్డు ఎవరు వేశారు? ఎందుకు వేశారు?

జవాబు కొండకు అవతలివైపు కనిపిస్తుంది. కిసోనె లోయ ఎగువ భాగం శతాబ్దాల పాటు ఫ్రాన్స్ ఏలుబడిలో ఉండేది. 1343లో ఇక్కడి కొండ ఊళ్లు తమ దొరకు సొమ్ము చెల్లించి సొంత పాలన హక్కులు కొనుక్కున్నాయి. బ్రియాన్సోన్ చుట్టుపక్కల ఊళ్లతో కలిసి తమ పన్నులు తామే పంచుకునేవి. 17వ శతాబ్దం చివర్లో ఫ్రెంచివాళ్లు ఫెనెస్త్రెల్లె ఊరి దగ్గర కోట కట్టారు. 1708లో సవాయ్ రాజ్య సైన్యం దాన్ని పట్టుకుంది. 1713 ఉట్రెక్ట్ ఒప్పందంతో లోయ పూర్తిగా సవాయ్ వశమైంది. నిన్నటిదాకా శత్రువుదైన లోయ ఇప్పుడు తమ ఇంటి గుమ్మం. గుమ్మానికి తలుపు కావాలి.

ఆ తలుపే ఫెనెస్త్రెల్లె కోట. ఇన్యాత్సియో బెర్తోలా గీసిన నమూనాతో 1728లో పని మొదలైంది. ముగిసింది 1850లో. దీన్ని ఒక కోట అనడం కంటే కొండవాలు మీద పరిచిన కోటల వరస అనడం సబబు. కింది నుంచి పైదాకా మూడు కిలోమీటర్ల పొడవున, ఆరు వందల మీటర్లకు పైగా ఎత్తు తేడాతో అది పాకుతుంది. లోపల కప్పు వేసిన మెట్లదారి ఉంది. దాదాపు నాలుగు వేల మెట్లు. మంచు ముంచెత్తినా, గుళ్లు కురిసినా సిపాయి బయటికి రాకుండా కొండ ఎక్కగలిగేలా కట్టారు. నెపోలియన్ కాలంలో ఇదే చెరసాల అయింది; పోప్ మంత్రి కార్డినల్ బార్తొలొమెయో పక్కా ఇక్కడే బందీగా ఉన్నాడు. నూట ఇరవై రెండేళ్లు చెమటోడ్చి కట్టిన ఈ కోట పెద్ద ముట్టడిని మాత్రం ఎన్నడూ చూడలేదు.

అసలు పోరు కోట దగ్గర కాదు, రెండు లోయల నడుమ ఉన్న గట్టు మీద జరిగింది. 1747 జులై 19. ఆస్ట్రియా వారసత్వ యుద్ధ కాలం. సూసా లోయలో ఎగ్జిల్ కోటనూ ఇటు ఫెనెస్త్రెల్లెనూ తప్పించుకుని పైనుంచి దిగితే సవాయ్ రాజధాని ట్యూరిన్ చేతికొస్తుందని ఫ్రెంచి సేనాని షెవలియే ద బెలిల్ లెక్క వేశాడు. దాదాపు రెండున్నర వేల మీటర్ల ఎత్తున, అస్సియెత్త అనే చోట, సవాయ్ ఏలుబడిలోని పియెమోంతె ప్రాంతపు సైనికులు సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టుకుని కాచుకున్నారు. సంఖ్యలో ఫ్రెంచివాళ్లే ఎక్కువ. అయినా సాయంత్రానికి దాదాపు ఐదు వేలమంది ఫ్రెంచి సైనికులు చనిపోయారు లేదా గాయపడ్డారు. జెండా పట్టుకుని గోడ మీదికి ఉరికిన బెలిల్ అక్కడే కూలిపోయాడు. వెనక్కి తగ్గమని ఆజ్ఞ వచ్చినా కదలని ఒక దళం కథ ఆ పోరు నుంచే పుట్టింది. పియెమోంతె జనాన్ని ఈనాటికీ 'బోజా నెన్' అంటారు. వాళ్ల యాసలో అర్థం 'కదలనివాడు'.

ఈ గట్టుకు యుద్ధం కంటే పాత జ్ఞాపకమూ ఒకటి ఉంది. మత విశ్వాసం కారణంగా తమ లోయల నుంచి తరిమివేతకు గురైన వాల్డెన్సియన్ క్రైస్తవులు 1689లో జెనీవా సరస్సు ఒడ్డు నుంచి ఆల్ప్స్ దాటుకుంటూ ఇంటికి తిరిగొచ్చారు. దాదాపు వెయ్యిమంది. సూసా లోయలోని సాల్బెర్త్రాన్ వంతెన దగ్గర రాత్రివేళ ఫ్రెంచి సేనను ఛేదించి, ఈ గట్టు ఎక్కి కిసోనె లోయలోకి దిగారు. అప్పటికి ఇక్కడ రోడ్డు లేదు. గొర్రెల కాపరుల కాలిబాటే దిక్కు.

గట్టు మీద సైనిక రోడ్డు వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. 1882లో ఇటలీ జర్మనీ, ఆస్ట్రియా-హంగరీలతో కూటమి కట్టింది. ఫ్రాన్స్ మళ్లీ శత్రుపక్షమైంది. పడమటి కొండల మీద బ్యారకులు, ఫిరంగి స్థావరాలు లేచాయి. వాటికి మందుగుండు, తిండి, నీళ్లు చేరాలి. మోసేది కంచర గాడిదలు, లాగేది గుర్రాలు. అందుకే సైనిక ఇంజినీర్లు గట్టు వెంబడి దారిని వీలైనంత నిదానమైన వాలుతో, మలుపుల మీద మలుపులు వేస్తూ చెక్కారు. బరువు లాగే జంతువు ఊపిరికి సరిపడేలా కొలిచిన ఆ వాలే నేడు తొక్కేవాడి ఊపిరికీ సరిపోతోంది. ఈ దారుల అసలు రహస్యం అదే.

ఆ తర్వాత కాలం ఈ సైనిక దారులను దాటిపోయింది. పక్కనే 3,131 మీటర్ల షాబెర్తోన్ శిఖరం మీద ఇటలీ ఎనిమిది ఫిరంగి బురుజులు నిలబెట్టింది. 1940 జూన్ 21న ఫ్రెంచి మోర్టార్లు వాటిలో ఆరింటిని ఒక్కరోజులో నోరు మూయించాయి. 1947 శాంతి ఒప్పందం ఫ్రాన్స్ సరిహద్దు వెంబడి ఇటలీ కోటలను తీసేయాలని శాసించింది. సైన్యం దిగిపోయింది, రోడ్లు మిగిలిపోయాయి. కొండ మీద కారుకు పని లేదు కాబట్టి తారు వేయాల్సిన తొందర ఎవరికీ రాలేదు.

కింద లోయలో మాత్రం సైకిల్ అప్పటికే తన కథ రాసుకుంటోంది. 1949 జూన్ 10న జిరో అంచెలో ఇటలీ రైడర్ ఫౌస్తో కొప్పి కూనియో నుంచి పినెరోలోకు ఐదు కనుమలు దాటాడు. అందులో 192 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి, చివరిగా సెస్త్రియెరె కనుమ ఎక్కి, కిసోనె లోయ గుండా దిగి, ప్రత్యర్థి జినో బర్తాలి కంటే 11 నిమిషాల 52 సెకన్లు ముందు గమ్యం చేరాడు. ఆ రోజుల్లో కొండ రోడ్లలో చాలావరకు మట్టివే. ఈనాడు 'గ్రావెల్' అని కొత్త పేరు పెట్టుకున్నది తాతల కాలంలో మామూలు సైకిల్ తొక్కుడే.

జిరో మొదటిసారి ఫినెస్త్రె ఎక్కింది 2005 మే 28న. సన్నటి టైర్ల రోడ్డు సైకిళ్ల మీద కంకరలోకి దిగిన ఆ అంచెను వెనెజువెలా కొండవీరుడు హోసె రుహానో సెస్త్రియెరెలో గెలిచాడు. ఇటలీ రైడర్ పావొలో సావొల్దెల్లి ప్రాణాలు ఉగ్గబట్టుకుని గులాబీ జెర్సీ కాపాడుకున్నాడు. చివరికి 28 సెకన్ల తేడాతో జిరో అతనిదైంది. ఆ తర్వాత 2011, 2015, 2018, 2025. తిరిగి వచ్చిన ప్రతిసారీ కంకర అలాగే ఉంది.

ఈలోగా సైకిల్ కూడా మారింది. నలభై మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, తేలిక గేర్లు, వంపు హ్యాండిల్‌తో గ్రావెల్ సైకిల్ ఒక తీరుగా స్థిరపడింది. 2022లో ఇటలీలోనే, వెనెతో ప్రాంతంలో, తొలి ప్రపంచ గ్రావెల్ పోటీలు జరిగాయి. టైరు వెడల్పయ్యేకొద్దీ ఫినెస్త్రె దగ్గర ఆగకుండా మరింత పైకి వెళ్లొచ్చు. కనుమ దాటి కొద్దిగా దిగితే పియాన్ దెల్ ఆల్పె పచ్చిక బయలు. అక్కడి నుంచి అస్సియెత్త దారి మొదలై, గట్టు మీదుగా ముప్పై కిలోమీటర్లకు పైగా దాదాపు అంతా రెండు వేల మీటర్లకు ఎగువనే సాగి సెస్త్రియెరెలో దిగుతుంది. కుడివైపు సూసా లోయ, ఎడమవైపు కిసోనె. దారి పక్కన కప్పులేని బ్యారకులు, గడ్డి మేసే ఆవులు, ఈలవేసి బొరియల్లో దూరే మార్మొట్లు.

ఈ దారికి తారు వేయకూడదు. కంకర తీసేస్తే వాలు మిగులుతుంది, దృశ్యం మిగులుతుంది. కంచర గాడిద నడిచిన నేల మిగలదు. పియెమోంతె అధికారులు జులై, ఆగస్టు నెలల్లో బుధ, శనివారాలు పగటిపూట అస్సియెత్త దారి మీద మోటారు బళ్లను ఆపేస్తున్నారు. అది మంచి నిర్ణయం, ఇంకా ఎక్కువ రోజులకు పెంచదగ్గ నిర్ణయం.

యూరప్‌లో చదువుకో ఉద్యోగానికో స్థిరపడి, సైకిల్ అలవాటున్న తెలుగు పాఠకులెవరైనా అటు వెళ్తే ఆ రెండు రోజుల్లోనే వెళ్లండి. పైన ఊళ్లు లేవు కాబట్టి నీళ్లు, చలికోటు వెంట ఉంచుకోండి. శీతాకాలమంతా దారి మంచు కింద మూసే ఉంటుంది. అస్సియెత్త గట్టున 1747 నాటి స్మారక స్తూపం దగ్గర ఒక్క పది నిమిషాలు సైకిల్ దిగి నిలబడండి. ఏటా జులై మూడో ఆదివారం పియెమోంతె జనం ఆ పోరును తలుచుకుంటూ అక్కడికే ఎక్కి వస్తారు.